పండుకునే పరీక్ష

ముందుగా ఒట్టు. బోయకొండ గంగమ్మ సాక్షిగా, నేను తోలే బండి స్టీరింగ్ మీద చెయ్యిపెట్టి చెబుతున్నాను, ఇందులో రాసే ప్రతి మాటా నిజం. ఇంత గట్టిగా ఒట్టేయడానికి కారణం ఉంది. మదనపల్లెలో నన్ను ఎరిగినవాళ్ళు, నేను టైమెంతయిందో చెప్పినా ఇంకొకరి గడియారం చూసుకుంటారు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఇది నాకు అన్నం పెట్టే పనికి సంబంధించిన సంగతి.

2023వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న మార్చి నెల. అప్పటికి నేను టమోటా లారీ మానేసి మామోగ్రామ్ బండి ఎక్కి కొంతకాలమైంది. మామోగ్రామ్ అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే. చేతికి తగలనంత చిన్న గడ్డ కూడా చాలాసార్లు అందులో కనబడుతుంది. ఒక ధర్మసంస్థ వాళ్ళు ఆ మిషన్‌ను బస్సులో బిగించి, నలభై దాటిన ఆడవాళ్ళకు మదనపల్లె నుంచి కుప్పం దాకా ఊరూరా ఉచితంగా పరీక్ష చేయిస్తున్నారు. తోలేవాడికి టమోటా లోడుకూ దీనికీ పెద్ద తేడా లేదు. గుంత కనబడితే రెండింటికీ గుండె గొంతులోకి వస్తుంది. టమోటా నలిగితే ఒక ట్రే పోతుంది. ఈ మిషన్‌లో డిటెక్టర్ అని ఒక పలక ఉంటుంది, బొమ్మను పట్టేది అదే. దానికి కుదుపు పడదు, వేడి పడదు. అది చల్లగా ఉండాలంటే ఏసీ ఆడాలి, ఏసీ ఆడాలంటే జనరేటర్ ఆడాలి, జనరేటర్ ఆడాలంటే రెడ్డెప్ప ఉండాలి. రెడ్డెప్ప అంటే నేనే. ఆ లెక్కన బండిలో ముఖ్యమైన మనిషిని నేనేనని చాలా ఊళ్ళలో చెప్పుకున్నాను.

అసలు ముఖ్యమైన మనిషి షాహీన్, మా టెక్నీషియన్. వాళ్ళ నాన్నది మదనపల్లెలో టైలర్ షాపు. బండి నిలపగానే ఆమె చేసే మొదటి పని ఫాంటమ్‌కు బొమ్మ తీయడం. ఫాంటమ్ అంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ దిమ్మ. దాని లోపల చూపుకు ఆనీ ఆనని చుక్కలు పొదిగి ఉంటాయి. ఆ చుక్కలు బొమ్మలో తేటగా కనబడితేనే మిషన్ సరిగా ఉన్నట్టు. మా వైపు క్రమం తప్పకుండా మామోగ్రామ్ తీయించుకునేది ఆ ప్లాస్టిక్ దిమ్మ ఒక్కటేనని షాహీన్ అంటూ ఉంటుంది. బండి మధ్యలో పచ్చటి పరదా ఒకటి ఉంటుంది. మగవాడు దాన్ని దాటకూడదు. పేషంట్లు ఉన్నంతసేపూ మెట్ల కింద స్టూలే నా సింహాసనం.

పుంగనూరులో మా క్యాంపులన్నీ సుగుణమ్మ సిస్టర్ చేతి మీదుగా జరిగేవి. యాభై దాటిన మనిషి, హెడ్ నర్సు. నిండుగా నవ్వుతుంది, అంతకంటే నిండుగా తిడుతుంది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళను ఆటోల్లో ఎక్కించి తెచ్చేది. భయపడి వెనక్కి తిరిగేవాళ్ళను కొంగు పట్టుకుని నిలబెట్టి ధైర్యం చెప్పేది. ఆ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు.

“ఏమీ ల్యా మేయ్. నేను యాడాదికొకసారి సేయించుకుంటా గదా. లోపలికి పోతానే పండుకోవాల, కండ్లు మూసుకోవాల, గోవిందా అనేలోపల అయిపోతాది. నొప్పీ ల్యా, గిప్పీ ల్యా.”

ఆ మాట మీద నమ్మకంతో ఎంతమందో ఎక్కారు. ఆడవాళ్ళే కాదు, ఒక ఆవు కూడా వచ్చేది. మా ఏసీ నుంచి బండి కింద చల్లటి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతుంటాయి. ఆ ఊరి పొట్టి జాతి ఆవు ఒకటి, నా నడుము దాకా కూడా రాదు, ఆ నీళ్ళ రుచి మరిగింది. క్యాంపు పెట్టిన ప్రతిసారీ అందరికంటే ముందు వచ్చి నిలబడేది. ఒకసారి ముందుకాళ్ళు తీసి మొదటి మెట్టు మీద పెట్టింది. “దానికి గూడా ఒక టోకెన్ ఇయ్యి రెడ్డెప్పా, నలభై దాటినట్టే ఉండాది” అంది సుగుణమ్మ సిస్టర్. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వితే సగం భయం పోతుందని ఆమెకు తెలుసు.

ఇలా బాగా జరుగుతుండగా షాహీన్‌కు ఒక చిక్కు వచ్చింది. నిమ్మనపల్లె ఆడవాళ్ళు లోపలికి వస్తే ఎక్కడ నిలబడాలమ్మా అని అడిగేవారు. పెద్దతిప్పసముద్రం వాళ్ళూ అంతే. పుంగనూరు వాళ్ళు మాత్రం పరదా దాటగానే అటూ ఇటూ చూసి, బట్టలు పెట్టుకోవడానికి వేసిన సన్నటి బెంచీ మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేవాళ్ళు. ఒకామె షాహీన్ టిఫిన్ క్యారియర్‌ను తలగడగా పెట్టుకుంది. ఇంకొకామె గోవిందా అనుకుని లేచి, “అయిపోయిందా?” అని కొంగు సర్దుకుని దిగిపోబోయింది.

మామోగ్రామ్ పడుకుని చేయించుకునేది కాదు. మిషన్ ముందు నిలబడాలి. రొమ్మును కింది పలక మీద పెట్టి, పైనుంచి కంప్రెషన్ ప్లేట్ అనే ఇంకో పలకతో కాసేపు గట్టిగా నొక్కుతారు. అలా పైనుంచి ఒక బొమ్మ, పక్కనుంచి ఒక బొమ్మ. ఇది ఒక్కసారి లోపలికి పోయి వచ్చిన ఎవరికైనా జన్మలో మరవని సంగతి.

ఒక మధ్యాహ్నం నిమ్మకాయ నీళ్ళు తాగుతూ షాహీన్ ఈ గోల చెప్పి, మధ్యలో ఆగింది. “రెడ్డెప్పన్నా, సుగుణమ్మ సిస్టర్ ఎప్పుడన్నా నా దగ్గరికి వచ్చిందా? నాకు గుర్తుకు రాల్యా.”

నేను స్టూలు మీద కూర్చునేవాణ్ణి కదా, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ అందరూ నా కళ్ళ ముందే. ఆలోచించి చూశాను. “ఆవు గూడా ఒక మెట్టు ఎక్కింది షాహీనమ్మా. సిస్టరమ్మ ఆ ఒక మెట్టు గూడా ఎక్కల్యా.”

ఎప్పుడో ఉద్యోగం కొత్తలో ట్రైనింగ్‌లో ఎవరో గోడ మీద బొమ్మ చూపించి ఉంటారు. పడుకోబెట్టి రొమ్ముకు చేసే పరీక్ష ఇంకొకటి ఉంది, స్కానింగ్. ఆ బొమ్మే ఈమె మనసులో నిలిచిపోయినట్టుంది. దాని మీద ఇన్నాళ్ళ ఉపన్యాసం నడిపించింది.

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గౌరవం పెరిగింది. నేను అబద్ధం చెబితే సొంత పెళ్ళాం కూడా నమ్మదు, ఈమె చెబితే మండలం మొత్తం పడుకుంది. అలాంటి మనిషికి నా వంతు సాయం చేయడం ధర్మం అనిపించింది. ఆ రోజు నుంచి వరసలో ఉన్నవాళ్ళకు, ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో నేను కూడా గొప్పలు చెప్పడం మొదలుపెట్టాను. పోనుపోను అవి పెరిగాయి. ఇలాంటివి నీళ్ళు పోయకపోయినా పెరుగుతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సుగుణమ్మ సిస్టర్ ఒక్కర్తే కాదు, నేను చూసిన నర్సుల్లో, పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల్లో చాలామంది అంతే. ఊరందరినీ బండి ఎక్కిస్తారు, తాము ఎక్కరు. అడిగితే అందరి దగ్గరా ఒకటే పాట. ముందు పేషంట్లు కానీ అంటారు. పేషంట్లు అయ్యేసరికి బస్సు టైమవుతుంది. మాకు తెలియనిదా అంటారు. షాహీన్ మా చెల్లెలి క్లాసుమేటు, దాని ముందర ఎట్లా అంటారు. మేము ఎక్కితే సిస్టరుకే ఏదో ఉందంట అని ఊరు కోడై కూస్తుంది అంటారు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళకు జబ్బు రాదన్నట్టుగా ఉంటుంది వ్యవహారం.

కుప్పం వైపు ఒక డాక్టరమ్మ ఈ సంగతి కనిపెట్టి, మహిళా దినోత్సవం నెలలో ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసమే ఒక క్యాంపు పెడదామనుకుంది. పేర్లు ఇమ్మంటే ఒక్కరూ ఇవ్వలేదు. మదనపల్లెలో మా బండి దగ్గరికి వచ్చి, దిగులుగా ఇదే మాట చెబుతోంది. నేను పక్కనే ఉన్నాను. నోరు ఊరుకుంటుందా?

“పుంగనూరు సుగుణమ్మ సిస్టర్ని సూడాల మేడం మీరు. ఎన్నిసార్లు ఎక్కినాదంటే, ఆమె మెట్టు మీద కాలు పెడితే సాలు, మిషనే వణక్కం అంటాది” అన్నాను. తమిళనాడు అంచున ఉండే కుప్పం వాళ్ళకు అరవం కలిపి చెబితే బాగుంటుందని నమస్కారానికి బదులు వణక్కం వేశాను.

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వడం ఆపేసింది. “అయితే ఆవిడనే పిలుద్దాం రెడ్డెప్పా. అందరి ముందూ తన అనుభవం చెప్పి, మొదట ఆవిడే చేయించుకుంటే మా వాళ్ళకూ ధైర్యం వస్తుంది” అని అక్కడికక్కడే ఫోన్ తీసింది. షాహీన్ నా వైపు చూసిన చూపుకు నా జనరేటర్ ఆగిపోవాలి.

క్యాంపు రోజు పొద్దున పుంగనూరులో సిస్టరమ్మను బండి ఎక్కించుకున్నాం. వెనకవైపు కాదు, ముందు సీట్లో. మంచి చీర కట్టుకుంది, మొహంలో కళ లేదు. పలమనేరు దాటి అడవి మొదలయ్యాక కిటికీలోంచి చూస్తూ, “ఈ దోవలో ఏనుగులు అడ్డం వస్తాయంటారే, ఈ పొద్దు ఒకటన్నా రాల్యా” అంది.

వెంకటగిరికోట దగ్గర టీ కోసం ఆపాను. షాహీన్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. సిస్టరమ్మ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“రెడ్డెప్పా, నేను ఒకసారి గూడా ఎక్కల్యాని నీకు తెలుసు గదా.”

“తెలుసమ్మా.”

“తెలిసీ యాల చెప్పినావు ఆ డాక్టరమ్మకు?”

“నువ్వు చెప్పిందే చెప్పినాను. ఒక వణక్కం కలిపినాను, అంతే.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొంతు తగ్గించి, “అయితే ఇంకొక కత చెప్పు. జనరేటర్ సెడిపోయినాదని చెప్పు. నీకు అదొక లెక్కా?” అంది.

నా జీవితంలో అబద్ధం చెప్పొద్దని బతిమాలినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెప్పమని బతిమాలింది ఆమె ఒక్కతే. అయినా నోరు రాలేదు. ఎందుకమ్మా అంత భయం అని అడిగాను.

“మా అక్కకు రొమ్ములోనే వచ్చినాది,” అంది. “కడుపులో పెట్టుకోని దాచినాది. ఇంట్లో నర్సు ఉండాది, నాకే చెప్పల్యా. తెలిసేసరికి పుండు పడినాది. మా వార్డులోనే రోజూ కట్టు మార్చింది నేనే. ఆ మిషన్ బొమ్మలో నాకు గూడా అట్లాంటిది కనబడితే, మళ్ళీ నేను ఆ వార్డులో ఎట్ల నడిచేది? తెలియకుంటే డ్యూటీ సేసుకుంటా ఉంటా గదప్పా.”

టీ కొట్టు రేడియోలో ఏదో పాట వస్తోంది. నా మనసులో ఉన్నదే చెప్పాను. “అమ్మా, ఏ అబద్ధమైనా చెబుతా. జనరేటర్ మీద మాత్రం చెప్పను, అది నా అన్నం. నా కతల్లో నువ్వు ఎన్నిసార్లు ఎక్కినావో లెక్క ల్యా. ఒక్కసారి నిజంగా ఎక్కితే ఆ పాపమంతా పోతాది నాకు.”

ఆమెకు కొంచెం నవ్వు వచ్చింది. “నీ పాపం పోవాలని నేను పోవాలనా? సరేలే. అయినా పండుకునేదే గదా, ఏముండాది.”

అప్పటికి షాహీన్ వచ్చి వెనక నిలబడి ఉంది. “పండుకునేది కాదు సిస్టరమ్మా,” అంది మెల్లగా. “నిలబడాల.”

సిస్టరమ్మ గ్లాసు గట్టు మీద పెట్టింది. మొహంలో రంగులు మారాయి. తను ధైర్యం చెప్పి పంపిన ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే కళ్ళ ముందు వచ్చి వెల్లకిలా పడుకున్నట్టున్నారు. “అందరికీ పండుకోమనే చెప్పితినే?” అంది.

“పండుకున్నారు. నా క్యారియర్ మీద గూడా,” అంది షాహీన్.

ఆ తర్వాత షాహీన్ చేసిన పనికి ఆమెకు సన్మానం చేయాలి. కొట్టులో రెండు స్టీలు ప్లేట్లు, ఒక బన్ను అడిగి తీసుకుంది. బన్ను కింది ప్లేటులో పెట్టి, పై ప్లేటుతో మెత్తగా, తర్వాత గట్టిగా నొక్కింది. “ఇంతే. పలచగా అయితేనే లోపల ఏముండాదో కనబడతాది. ఊపిరి బిగపట్టండి అంటా, బొమ్మ తీస్తా, వదిలేస్తా.” పక్కకు తిప్పి మళ్ళీ నొక్కి చూపింది. కొట్టు యజమాని చాలాసేపు చూసి, “బన్ను బాగల్యామ్మా? పొద్దున వచ్చిన సరుకే” అన్నాడు అనుమానంగా.

“బన్ను నార్మల్ అన్నా. ఏ దోసమూ ల్యా,” అంది షాహీన్.

సిస్టరమ్మ నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. ఆ బన్నును ముగ్గురం పంచుకుని తిన్నాం.

కుప్పంలో షామియానా కింద కుర్చీలు నిండాయి. నర్సులు, పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తలు, ల్యాబు వాళ్ళు, ఆసుపత్రి ఊడ్చే ఆడవాళ్ళు. భోజనాలున్నాయని వచ్చారు కానీ ఎవరూ మా బండి వైపు చూడటం లేదు. చూస్తే ఎక్కమంటారని. డాక్టరమ్మ మైకులో సుగుణమ్మ సిస్టర్‌ను పరిచయం చేసింది. ఏటా తప్పకుండా పరీక్ష చేయించుకునే ఆదర్శ నర్సు అంది. చప్పట్లు కొట్టారు. నేను జనరేటర్ పక్కన నిలబడి, ఆమె ఏం చెబుతుందో అని చెవి అటే పెట్టాను. ఒక చిన్న అబద్ధం చాలు ఆమెకు, గండం గడిచిపోతుంది.

సిస్టరమ్మ మైకు తీసుకుంది.

“డాక్టరమ్మ చెప్పినాది నిజం కాదు. తప్పు ఆమెది కాదు, నాది. నేను ఇంతవరకు ఒకసారి గూడా ఎక్కల్యా. ఎక్కినానని ఊరంతా చెప్పినా. నిలబడి తీసే బొమ్మను పండుకోని తీస్తారని చెప్పినా. నాకు భయం.” కుర్చీల వైపు చూసింది. “మీకూ భయమే. మీ మొగాలు సూస్తే తెలస్తాంది, యాలంటే పొద్దున అద్దంలో ఇదే మొగం సూసుకోని వచ్చినా. ఇప్పుడు పోతాండాను. దిగినాక ఉన్నదున్నట్టు చెబుతా. అంతవరకు ఎవురూ భోజనానికి లేవద్దండి.”

మైకు డాక్టరమ్మ చేతిలో పెట్టి, నడుచుకుంటూ వచ్చి, నా ముందు నుంచే మెట్లెక్కింది. మొదటి మెట్టు మీద ఒకసారి ఆగింది. “ఆవు ఈడిదాకా వచ్చినాది గదా?” అంది నాతో. తర్వాత మిగతా మెట్లూ ఎక్కేసింది.

లోపల చల్లగా ఉంది. షాహీన్ ముందు ఫారం చదివి వినిపించి, ఇష్టమేనా అని అడిగి సంతకం తీసుకుంది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని మిషన్ దగ్గరికి నడిపించింది. పలక చల్లదనం తగలగానే సిస్టరమ్మ కళ్ళు మూసుకుని, “అక్కా” అంది. షాహీన్ పని ఆపి, ఆమె కళ్ళు తెరిచేదాకా చెయ్యి వదలకుండా నిలబడింది. “ఊపిరి బిగపట్టండి” అంది ఆ తర్వాత. ఏళ్ళ తరబడి వేలమందికి సూది వేస్తూ తను చెప్పిన మాటే తనకు వినిపించేసరికి సిస్టరమ్మ బుద్ధిగా బిగపట్టింది. బొమ్మలన్నీ అయ్యాక షాహీన్ బెంచీ మీది బట్టలు పక్కకు జరిపి, “ఇంక కావాలంటే పండుకోండి” అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వు బయటికి వినబడింది. షామియానా మొత్తం బండి వైపు తిరిగింది. లోపలికి పోయిన మనిషి ఏడుస్తుందనో అరుస్తుందనో చెవులు రిక్కించి కూర్చున్నవాళ్ళకు అది కొత్తగా ఉంది.

సిస్టరమ్మ దిగి, మళ్ళీ మైకు దగ్గరికి పోయింది. “నొప్పి ల్యాని చెప్పేదాన్ని గదా. ఉండాది. గట్టిగా నొక్కుతారు, పండ్లు బిగపట్టుకోవాల. పెనం మీద చపాతీ తిప్పేంత సేపు గూడా ఉండదు. సిగ్గు గూడా ఉండాది, అది నొప్పి కంటే ముందరే పోతాది. అంతే. ఇంక నా దగ్గర దాచింది ఏమీ ల్యా.”

మొదట లేచింది ఎవరో నేను చూడలేదు. చూసేసరికి నా స్టూలు దగ్గర నలుగురు ఉన్నారు, కాసేపటికి వరస షామియానా దాటింది. నొప్పి లేదు అని చెప్పినప్పుడు పేషంట్లు నమ్ముతారేమో కానీ నర్సులు నమ్మరు. వాళ్ళూ రోజూ అదే మాట చెప్పేవాళ్ళే కదా. నొప్పి ఉంది, ఇంత ఉంది అని చెప్పినాక లేచారు. భోజనాలు చల్లారిపోయాయని వంటవాళ్ళు నన్ను తిట్టారు. సాయంత్రం దాకా జనరేటర్‌కు రెండుసార్లు డీజిల్ పోశాను.

కొన్నాళ్ళకు సిస్టరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. తీసిన బొమ్మలను దూరంగా ఉండే డాక్టర్ కంప్యూటర్‌లో చూసి రిపోర్టు ఇస్తారు. బొమ్మలో ఏదైనా తేలకపోతే మళ్ళీ రమ్మంటారు. దాన్ని రీకాల్ అంటారు. రీకాల్ అంటే జబ్బు అని కాదు, చాలావరకు ఏమీ ఉండదు కూడా. ఈ ముక్క వేరేవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. ఆమె ఫోన్‌లో “నన్ను మళ్ళీ రమ్మన్నారప్పా మదనపల్లెకు” అన్నప్పుడు మాత్రం నాకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆమెను ఎక్కించింది నా నోరే.

ఆ రోజు నేను సెలవు పెట్టి మదనపల్లె ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వచ్చింది. “ఏదన్నా కత చెప్పు రెడ్డెప్పా, మనసు నిలవడం ల్యా” అంది. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. టమోటా లారీతో ఏనుగును దాటించిన కత, చెన్నైలో మంత్రి నా టమోటా అడిగి తిన్న కత, అన్నీ మాయమైపోయాయి.

నా అవస్థ చూసి ఆమే మొదలుపెట్టింది. వాళ్ళ అక్క కత. చిన్నప్పుడు ఆ అక్క సినిమా టాకీసులో మొగపిల్లలకంటే గట్టిగా ఈల వేసేదట. ఒకసారి మేనేజర్ వచ్చి ఈల ఎవరు వేశారంటే, అక్క సుగుణమ్మను చూపించిందట. చెవి మెలి తిప్పించుకుంది ఈమె. “అది పొయ్యినంక దాని గురించి తలుసుకుంటే పుండే గుర్తుకొచ్చేది. ఈ పొద్దు ఈల గుర్తుకొచ్చినాది సూడు” అంది. ఇంతలో లోపలి నుంచి పిలిచారు.

నేను వరండాలో గోడ గడియారం కేసి చూస్తూ, ఇంకొకరి గడియారం అడుగుతూ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. సుగుణమ్మ సిస్టర్ కొంగు సర్దుకుంటూ, గెలిచిన పహిల్వాన్‌లా వచ్చింది.

“నీటి బుడగంట. సిస్టు. ఏమీ సేసే పన్లేదంట, మళ్ళీ యాడాదికి రమ్మన్నారు,” అంది. ఆ తర్వాత చెయ్యి నడుము మీద పెట్టుకుంది. “బొమ్మలో తేలకపోతే స్కానింగ్ సేస్తారంట. యాడ సేసినారనుకున్నావు? మంచం మీద. పండుకోబెట్టి. కండ్లు గూడా మూసుకున్నా. పండుకునే పరీక్ష ఉండాదా ల్యా? నేను చెప్పినాది అబద్ధమా?”

ఆసుపత్రి వరండాలో అంత గట్టిగా నవ్వకూడదని ఎవరో నర్సు వచ్చి మందలించింది. సిస్టరమ్మ ఆ నర్సును కూడా మామోగ్రామ్ చేయించుకున్నావా అని ఎదురు ప్రశ్న వేసింది.

ఇప్పుడు పుంగనూరు క్యాంపులో పద్ధతి మారింది. పొద్దున ఫాంటమ్ తర్వాత మొదట ఎక్కేది ఆసుపత్రి ఆడవాళ్ళు, తర్వాతే పేషంట్లు. సిస్టరమ్మ ఉపన్యాసం కూడా మారింది. నిలబడాల, నొప్పి ఉండాది, చపాతీ తిప్పేంత సేపు. ఆరోజు కుప్పంలో ఎక్కినవాళ్ళలో ఒకామెకు గింజంత గడ్డ దొరికింది. తొందరగా తెలిసింది కాబట్టి వైద్యం చేయించుకుని, మళ్ళీ డ్యూటీలో చేరింది. ఆమె సంగతి ఇంతకంటే రాయను. దాన్ని నా కతల్లో కలపడం నాకు ఇష్టం లేదు.

ఇదంతా నాకు నేర్పింది ఏమిటంటే, అందరినీ గుమ్మం దాకా తెచ్చి వదిలే మనిషి ఉంటుంది చూడండి, ఆ మనిషిని లోపలికి రమ్మని ఎవరూ పిలవరు. ఆమెకు అన్నీ తెలుసనుకుంటాం. ఆమె కూడా అదే అనుకుని బయట నిలబడిపోతుంది. అందుకని ఇప్పుడు ఏ ఊళ్ళో బండి నిలిపినా, పేషంట్లను తెచ్చిన సిస్టరమ్మనే నేను మొదట అడుగుతాను, నువ్వు ఎప్పుడమ్మా అని. రెండో సంగతి నా బోటివాళ్ళ కోసం. తియ్యటి అబద్ధంతో మనుషులను వరసలో నిలబెట్టవచ్చు. తెలిసినవాళ్ళను మెట్లు ఎక్కించాలంటే మాత్రం కొంచెం నొప్పి ఉన్న నిజమే కావాలి.

ఇక ఒట్టు సంగతి. మీకు ఆవు మీద అనుమానం వచ్చి ఉంటుంది. ఆవు నిజం. బన్ను నిజం, టిఫిన్ క్యారియర్ తలగడా నిజం, కావాలంటే పుంగనూరు వచ్చి అడగండి. నేను కల్పించింది ఒక్కటే, కుప్పంలో పరదా వెనక జరిగినదంతా. నేను మగవాణ్ణి, స్టూలు మీద ఉన్నాను. నా చెవిన పడింది రెండే. చాలాసేపు ఏ చప్పుడూ లేకపోవడం, ఆ తర్వాత ఇద్దరి నవ్వు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖాళీని నాకు తోచినట్టు నింపాను. నిజంగా ఏం జరిగిందని షాహీన్‌ను చాలాసార్లు అడిగాను. పేషంటు సంగతులు బయట చెప్పేది లేదంది. సుగుణమ్మ సిస్టర్ మాత్రం అడగగానే చెప్పింది. కాలు పెట్టగానే మిషన్ తనకు వణక్కం చెప్పిందట.